నీళ్ళ కర్ర

సెవెరినో భార్యను చంపింది రుఫినా తండ్రి. ఊరి పొలాలకు కాలువ నీళ్ళు వంతులేసి పంచే నీళ్ళ పెద్దగా ఉన్నన్నాళ్ళూ అతను సెవెరినో వంతులో పావుగంట మింగేశాడు. ఆ పావుగంట నీళ్ళ కోసం చీకట్లో తూము ఎత్తబోయి ఆవిడ కాలువలో కొట్టుకుపోయింది.

తర్వాత అతనూ పోయాడు. ఇప్పుడు అదే పదవికి అతని కూతురు నిలబడింది. పోటీ మెల్చోర్.

మా కొండ ఊళ్ళలో నీళ్ళ పెద్ద కర్ర మొగుడూ పెళ్ళాం ఉన్న ఇంటికే ఇస్తారు. లేకపోతే అది సెవెరినోకే దక్కేది, లెక్కల్లో ఆయనకు సాటి ఎవరూ లేరు.

నిలబడ్డవాళ్ళు సభలో మూడు లెక్కలు నోటితోనే కట్టాలి. అడిగేది వాళ్ళంటే గిట్టనివాడే. అయినవాళ్ళయితే తేలికవి అడుగుతారని. ముందు రుఫినాను అడుగుతారు. మూడూ చెబితే కర్ర ఆమెది, ఒక్కటి తప్పినా మెల్చోర్‌ది.

"రుఫినాను ఎవరు అడుగుతారు?" అన్నాడు సభ పెద్ద.

అందరూ సెవెరినో వైపే చూశారు. ఆయన నములుతున్న కోకా ఆకు పిప్పి ఉమ్మి లేచాడు.

"ఏమే, దొంగ కూతురా. పై మడి వంతు రెండుంబావు గంటలు. అందులో మూడో భాగం ఎంత?"

"ముప్పావు గంట."

"మీ నాన్నయితే అరగంటే అనేవాడు. ఒక తోపో నేల తడవడానికి ఒకటి పాయింట్ ఆరు గంటలు. రెండున్నర తోపోలకి? చేతులు వెనక్కి పెట్టు, వేళ్ళు కదుపుతున్నావు."

"నాలుగు గంటలు. వేళ్ళు నీకు కావాలేమో తాతా, నాకక్కర్లేదు."

సభ నవ్వింది. సెవెరినో నవ్వలేదు.

"ఆరు గంటల వంతు. దారిలో ఎనిమిదో భాగం నేలే తాగేస్తుంది. పొలానికి చేరేదెంత? నిమిషాల్లో చెప్పు."

మెల్చోర్ పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. రుఫినా మొగుడు చేతిలో టోపీ నలిపేస్తున్నాడు.

"మూడు వందల పదిహేను," అంది రుఫినా.

సభ పెద్ద మట్టిలో పుల్లతో గీసి చూసుకున్నాడు. తల ఊపాడు. కర్ర ఆమె చేతికిచ్చాడు.

"పగవాడు అడిగినా నెగ్గింది. ఇక వదిలెయ్ సెవెరినో. పాపం, పిల్లేం చేసింది?"

"దాని మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మంట. ఈ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకండి. నేనూ ఎత్తను."

భుజాల మీది ఉన్ని పొంచో దులుపుకుని వెళ్ళిపోయాడు.

సభకు ముందే ఆయన చాటుగా నూరిపోసిన ఆ మూడు జవాబులు తప్ప ఇంకే లెక్కా రాని రుఫినా, ఒప్పుకున్నట్టే మర్నాడు తెల్లారకముందే ఊరి నీళ్ళు ఎవరికెంత వదలాలో అడగడానికి ఆయన గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడింది.