ఆ ఊళ నాది

సోఫియా నగరంలో రాంగెల్ తోపాలోవ్ శబ్దాలు అమ్ముకుని బతికేవాడు. వాన చప్పుడు, తలుపు కిర్రుమనడం, మంచు మీద బూట్ల నడక, ఏది కావాలన్నా అతని వెబ్‌సైట్‌లో దొరికేది. సినిమావాళ్లు, గేములు తయారుచేసేవాళ్లు లైసెన్సు తీసుకుని వాడుకునేవారు. అన్నిటికన్నా బాగా అమ్ముడుపోయింది రొడోపి కొండల తోడేలు ఊళ. దాని కోసం గడ్డకట్టే చలిలో, పొదల మధ్య బోర్లా పడుకుని, ప్రాణాలకు తెగించానని వెబ్‌సైట్‌లో రాసుకున్నాడు. నిజానికి ఆ సాయంత్రం అతను కొండమీద ఒక విడిది ఇంటి బాల్కనీలో కూర్చుని వైన్ తాగుతున్నాడు. ఊళ దానంతటదే వచ్చి మైకులో పడింది.

"ఇంతకన్నా మంచి గాయకుడు దొరకడు," అనేవాడు స్నేహితులతో. "పాడతాడు, వాటా అడగడు."

తోడేలు అడగకపోయినా దాని తరఫున లోకాన్నంతా రాంగెలే అడిగేవాడు. ఇంటర్నెట్‌లో ఆ గొంతు ఎక్కడ వినిపించినా పట్టేసే ప్రోగ్రాము ఒకటి పెట్టుకున్నాడు. ఒకసారి పసిపిల్లల బడివాళ్లు తమ నాటకం వీడియో పెడితే, అందులో ఊళ ఉందని లాయరు నోటీసు పంపి పరిహారం రాబట్టాడు. కళను కాపాడడమంటే మాటలు కాదు మరి.

ఈసారి ప్రోగ్రాముకు చిక్కింది జ్లాతా అవ్వ. అదే రొడోపి కొండల్లో, స్మోల్యాన్ దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. ఇంటి ముందు పొయ్యి పెట్టుకుని బంగాళాదుంప రొట్టెలు, చిక్కుడు గింజల పులుసు వండుతూ వీడియోలు తీస్తుంది. లక్షల మంది చూస్తారు. ప్రతి వీడియోలోనూ సరిగ్గా ఉల్లిపాయలు వేగేవేళకు వెనకనుంచి ఒక ఊళ.

రాంగెల్ నోటీసు పంపాడు. మర్నాడే జవాబు వచ్చింది. "ఈ కోర్టు మాటలు నాకు అర్థం కావు నాయనా. మీ లాయరమ్మను తీసుకుని వచ్చి, ఇంత తిని, నేను చేసిన తప్పేంటో చెప్పి వెళ్లండి."

గొర్రే వచ్చి కత్తి ఎక్కడుందని అడిగినట్టు అనిపించింది రాంగెల్‌కు. లాయరు నెవెనను కారెక్కించుకుని బయల్దేరాడు. అతని కన్ను పరిహారం మీద లేదు. ఏకంగా అవ్వ వీడియోల ఛానల్ మీదే ఉంది.

అవ్వ ఇద్దరినీ ఇంట్లో కూర్చోబెట్టి వేడి రొట్టె, గడ్డపెరుగు పెట్టింది. ప్లమ్ పళ్లతో కాచిన రకియా సారా పోసింది. ఎదురుగా స్టాండు మీద ఫోను ఉంది.

"మా కొండల్లో తోడేళ్లున్నాయి. అవి అరుస్తాయి. నేను వెళ్లి వాటి నోరు మూయాలా?" అంది.

"ఏదో ఒక తోడేలైతే నేనెందుకు వస్తాను అవ్వా?" అన్నాడు రాంగెల్, రొట్టె నములుతూ. "ఇది నా తోడేలు. నా దగ్గర కొట్టేసి, అక్కడక్కడ కత్తిరించి, సాగదీసి పెట్టుకున్నావు."

"తోడేళ్లన్నీ ఒకేలా అరవవా?"

"అరవవు," అంది నెవెన. "మనుషుల వేలిముద్రల్లాగే, ఏ గొంతు దానిదే. మా ప్రోగ్రాము కొలిచి చూసింది. రెండూ ఒక్క గొంతే."

"పొరపాటేమో తల్లీ."

"ఆ మాట కోర్టులో అనండి. నవ్వుతారు."

అవ్వ ముఖం చిన్నబోయింది. తలగుడ్డ అంచుతో కళ్లొత్తుకుంది. "అయితే ఇప్పుడు నన్నేం చేయమంటావు బాబూ?"

"ఛానల్ నా పేర రాసిచ్చేయి. వంట నువ్వే చేసుకో. నేనంత కఠినాత్ముణ్ణి కాను."

"సరే. దొంగసొమ్ము ఇంట్లో ఉంచుకోకూడదు," అంది అవ్వ. "కానీ నా వంట చూసేవాళ్లకు నేనేం చెప్పుకోను? ఆ మాటేదో నువ్వే చెప్పు. ఫోను నడుస్తూనే ఉంది, వాళ్లు ఇప్పుడే వింటున్నారు. నా పాపం నలుగురికీ తెలియనీ."

రాంగెల్ మూతి తుడుచుకుని, జుట్టు సర్దుకుని, ఫోను ముందుకు జరిగాడు. ఇలాంటి అవకాశం ఊరికే రాదు. అవ్వ వీడియోల్లో వినిపించే గొంతు, తాను ఇన్నేళ్లుగా అమ్ముతున్న గొంతు ఒక్కటేనని, అందులో రవ్వంత అనుమానం లేదని ప్రకటించాడు.

"ఒట్టు పెట్టి చెబుతావా?"

"మా అమ్మమీద ఒట్టు."

"ఎక్కడెక్కడ అమ్మావో కూడా చెప్పు నాయనా. మా కొండల గొంతు అంత దూరం పోయిందంటే మావాళ్లు మురిసిపోతారు."

రాంగెల్‌కు ఊపొచ్చింది. సినిమాలు, గేములు, ఒక బీరు ప్రకటన, జర్మనీలో ఒక రైల్వే మ్యూజియం, చివరికి ఫోన్ల రింగ్‌టోన్లు, అన్నీ వరసపెట్టి చెప్పాడు. నెవెన చెంచా కింద పెట్టింది. బల్లకింద అతని కాలు తొక్కింది. అతను కాలు పక్కకు జరుపుకుని, తాను మరిచిపోయిన మరో రెండు సీరియళ్ల పేర్లు చెప్పాడు.

అవ్వ లేచింది. ఫోను ఆపి, జేబులో వేసుకుంది. కళ్లు పొడిగా ఉన్నాయి. కిటికీ తెరిచి, పెరట్లో ఉన్న మొగుడికి కేకేసింది.

"ఏమయ్యో మింకో, మేకల్ని మళ్లించడానికి నువ్వు తోడేలులా పెట్టే ఊళ సినిమాలో వినపడిందని, ఆ దొంగెవడో పట్టుకోవడానికి నాతో ఇన్నాళ్లు వంటలు చేయించావుగా, ఇదిగో, దొంగ వచ్చి ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు, చేతులు కడుక్కుని రా."