గుండుతోపుకు సర్వే వచ్చింది

“సర్వేకొచ్చానండీ. ఈ తోపు చూసుకునేదెవరు?”

స్కూటరుకు స్టాండు వేస్తూ అడిగాడు దామోదర్. మారప్ప నోట్లో వేపపుల్ల అలాగే ఆగిపోయింది. రెండువేల మూడులో ఆనేకల్ చుట్టుపక్కల సర్వే అన్న మాట వింటే రైతులకు అన్నం దిగేది కాదు. సర్వే వచ్చిన ఆరు నెలలకు రాళ్లు పాతుతారు. ఇంకో ఆరు నెలలకు గేటు పెట్టి, ఆ ఊరివాణ్ణే ఎవరు నువ్వని అడుగుతారు.

“నేనే సార్. మొగం కడుక్కోని వస్తా, ఉండు,” అని మారప్ప ఇంటి వెనక్కి పరుగెత్తాడు. అక్కడ భార్య చౌడమ్మ నీళ్లు కాస్తోంది.

“సర్వే వాడొచ్చినాడు! చెట్లనిండా చిట్టెలుండాయే!”

“ఉంటే చూపీ. చూస్తే వానికీ మనసు కరుగుతాది.”

“కరుగుతాదా? పక్కూరోళ్లు ఇట్లనే నెమళ్లను చూపించి మురిసిపోయిరి. ఇప్పుడు ఆడ మయూర లేఅవుట్. నెమలి బోర్డు మీద మాత్రం ఉండాది. బాగుండేది కండ్లబడితే వీళ్లు వదలరే.”

చౌడమ్మ పొయ్యిలోని కట్టె వెనక్కి లాగింది. “అట్లయితే ఎండ రాకముందే పంపించేయల్ల.”

సీతాకోకచిలుకలను ఈ వైపు చిట్టెలంటారు. వానలు వెళ్లాక ఎక్కడినుంచో వేలకొద్దీ వచ్చి, గుండుతోపులో కానుగ చెట్లకు వేలాడుతూ చలికాలం గడుపుతాయి. తోపు ఊరందరిది, కాపలా మాత్రం మారప్ప ఇంటివాళ్లది. చలికి రెక్కలు ముడుచుకుని గుత్తులు కట్టినప్పుడు అవి అచ్చం ఎండాకులే. ఎండ తగిలితే చెట్టుచెట్టంతా నీలంగా విచ్చుకుంటుంది. తూర్పు గుట్ట మీదికి సూర్యుడు రావడానికి ఇంకా పావుగంట ఉంది.

మారప్ప తిరిగి వచ్చేసరికి దామోదర్ మెడలో బైనాక్యులర్ వేసుకుని, గళ్లగళ్ల కాగితమొకటి అట్టకు తగిలించి సిద్ధంగా ఉన్నాడు.

“దగ్గర్లో వాటర్ ఉందా అండీ?”

“చుక్క లేదు సార్. మూడు బోర్లేస్తే మూడిట్లోనూ దుమ్మే.”

దామోదర్ రాసుకున్నాడు. “పూల మొక్కలేమైనా?”

లేఅవుట్లో పార్కు కూడా పెడతారు కాబోలనుకున్నాడు మారప్ప. “గిలిగిచ్చ పూల చెట్లుండె. పోయిన వారమే మందు కొట్టి చంపేస్తిమి.”

“మందు కొట్టారా!” దామోదర్ మొహం వాడిపోయింది.

మారప్పకు హుషారొచ్చింది. “డబ్బాలు డబ్బాలు కొట్టినాం సార్. చీమ కూడా మిగల్లేదు.”

“వింటర్లో ఇక్కడికి ఏమైనా వస్తుంటాయా?”

“రాకేమి సార్? దగ్గు, జలుబు.”

“అది కాదండీ, చెట్ల మీదికి.”

“కోతులు.”

దామోదర్ నిట్టూర్చి తోపులోకి అడుగు వేశాడు. చౌడమ్మ కాఫీ లోటాతో అడ్డం వచ్చింది.

“అయ్యో పోవద్దు సార్! తేనెటీగలుండాయి. మొన్న కరెంటాయన్ని కుట్టినాయి. మొగం గుమ్మడికాయంత అయిపోయె. వాళ్లింటామె గుర్తుపట్టక వాకిలి తీయలేదంట.”

దామోదర్ వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఉన్నచోటి నుంచే బైనాక్యులర్ కళ్లకు పెట్టాడు. “ఆ కొమ్మలకి బ్రౌన్‌గా గుత్తులు గుత్తులుగా ఉన్నాయే, ఏంటవి?”

గుట్ట అంచు అప్పుడే ఎర్రబడుతోంది. పై కొమ్మ మీద ఒక రెక్క కదిలింది. మారప్ప గబగబా అందుకున్నాడు.

“ఎండాకులప్పా. తెగులు. ఈ చెట్లు ఇంకో ఏడాది నిలిస్తే గొప్ప.”

“కాఫీ ఆరిపోతాది సార్,” అంటూ చౌడమ్మ లోటాను సరిగ్గా బైనాక్యులర్ ముందుకు ఎత్తిపట్టింది.

దామోదర్‌కు తాగక తప్పలేదు. “నాకు వేరేలా చెప్పారండీ. మహదేవపుర నుంచి చీకట్లో బయల్దేరి వచ్చాను.”

“ఎవరో నిన్ను బాగా మోసం చేసినారు సార్,” అన్నాడు మారప్ప నిజంగానే జాలిపడుతూ.

అంతదూరం వచ్చిన స్కూటరు స్టార్ట్ కాలేదు. నాలుగు కిక్కులు, అయిదు కిక్కులు. మారప్ప ఒక కన్ను గుట్టమీద, ఒక కన్ను స్కూటరుమీద పెట్టి ఆగలేక, “నువ్వు కూచో సార్, నేను తోస్తా!” అని ఊరి మలుపుదాకా తోశాడు. చౌడమ్మ కొంగు నడుముకు చుట్టి తానూ ఒక చెయ్యి వేసింది. స్కూటరు దగ్గి, పొగ వదిలి, కదిలిపోయింది.

ఇద్దరూ రొప్పుతూ వెనక్కి వచ్చేసరికి తోపు మీదికి ఎండ వచ్చేసింది. ఎండాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. నీలం చుక్కల రెక్కలు తోపంతా నిండి, చౌడమ్మ తలమీద, మారప్ప భుజాలమీద వాలాయి.

“కోతులంట, కోతులు!” చౌడమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

“ఇంక ఇరవై ఏండ్లు ఈ వైపు ఎవడూ రాడు చూడు,” అన్నాడు మారప్ప.

కాసేపటికి ఆనేకల్ బస్టాండు ఎదురుగా టీ అంగడిలో కూర్చుని, దామోదర్ కాగితం మీద సంతకం చేసే ముందు, ‘తోపును కాపాడవలసిన అవసరం ఉందా?’ అన్న చివరి గడి నింపాడు.

‘సీతాకోకచిలుకలు లేవు, చెట్లు కొట్టవచ్చు.’