ఎవరి నిశానీ

"ఈ అమ్మాయి భర్త ఎవరు?"

కాన్పుల గది తలుపు తీసి డాక్టరమ్మ అడిగింది. ఆదోని ఆసుపత్రి వరండాలో కూర్చున్న తిక్కయ్య లేచి నిలబడ్డాడు.

లోపల సుంకమ్మ మూడు రోజులుగా నొప్పులు పడుతోంది. రెండు రోజులు ఎమ్మిగనూరులో మంత్రసాని చేతిలోనే గడిచిపోయాయి. ఇక తన వల్ల కాదని ఆమె చేతులెత్తేశాక, మగ్గాలు ఆపేసి, బండి కట్టుకుని ఆదోనికి వచ్చారు.

డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. బిడ్డ అడ్డం తిరిగింది. కడుపు కోసి తీస్తే బిడ్డ దక్కుతుంది, ఇంత రక్తం పోయిన తల్లి మాత్రం బల్ల మీదనే పోవచ్చు. బిడ్డ మీద ఆశ వదులుకుంటే తల్లిని బతికించవచ్చు. ఏదో ఒకటి అనుకుని భర్త కాగితం మీద నిశానీ వేయాలి. ఆలస్యమైతే ఇద్దరూ దక్కరు.

తిక్కయ్య తల్లి నాగమ్మకు ఆలోచించే పని పడలేదు. ఐదేళ్లకు నిలిచిన కడుపు, బిడ్డనే తీయమంది. ముత్తైదువ చావు అందరికీ రాదని కూడా అంది.

తిక్కయ్య బొటనవేలికి సిరా పూసుకున్నాడు. పూసుకుని, హులిగెమ్మ వైపు చూశాడు.

దారి పొడుగునా బండిలో సుంకమ్మ తలను ఒళ్లో పెట్టుకుని వచ్చింది హులిగెమ్మే. ఆమె చీర మీద రక్తం ఇంకా ఆరలేదు. లేచి వచ్చి తిక్కయ్య చేతిలోని కాగితం లాక్కుంది.

"దాన్ని అడిగినారా?"

నొప్పుల్లో ఉన్న పిల్లకు ఇలాంటివి చెప్పి బెదరగొట్టకూడదని, అయినా భర్త నిశానీ ఉంటేనే కాగితం చెల్లుతుందని డాక్టరమ్మ విసుక్కుంది.

"కోసేది ఆయప్ప కడుపు కాదు కదమ్మా. బతికేదో సచ్చేదో అది. దానికి ఒక్క మాట సెప్పకుండా ఈడ మనం కూడి తీర్పు సెప్తే ఎట్ల?"

నాగమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"ఊళ్లో ఎవురన్నా అనొచ్చు ఈ మాట. నువ్వా అనేది? బిడ్డ వద్దంటాండావా నువ్వు?"

"కావల్లనీ అనలే, వద్దనీ అనలే అత్తా. అడగమంటాండా. అంతే."

తలుపు దగ్గర నర్సు సారమ్మ చేయి అడ్డం పెట్టింది. లోపలికి ఎవరినీ పోనివ్వకూడదట.

"మొగోళ్లకు కదా తల్లీ ఆ రూలు," అంటూ హులిగెమ్మ ఆ చేయి కింద నుంచి దూరిపోయింది. సారమ్మ డాక్టరమ్మ ముఖం చూసి, చేయి దించేసింది.

సుంకమ్మకు పందొమ్మిదేళ్లు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. హులిగెమ్మ ఆమె చెమట తుడిచి, డాక్టరమ్మ చెప్పిందంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. ఏ జవాబు వినాలని ఉందో తనకే తెలియలేదు.

సుంకమ్మ ఆమె చేయి పట్టుకుంది.

"నువ్వే సెప్పక్కా. నువ్వెట్ల అంటే అట్ల."

"నన్ను అడగొద్దు. నా నోట రాదు. నీ పానం, నువ్వు సెప్పు."

"నాకు బతకల్లని ఉండాదక్కా." ఆమె కళ్ల నీళ్లు చెవుల్లోకి జారాయి. "నన్ను తిట్టుకోవు కదా?"

"తిట్టను."

హులిగెమ్మ సిరా డబ్బీ అడిగి తెచ్చుకుంది. సుంకమ్మ వేలు పట్టుకుని కాగితం మీద ఒత్తించింది. ఆ కాగితాన్ని డాక్టరమ్మ చేతిలో పెట్టి, తల్లినే బతికించమని సుంకమ్మ మాటగా చెప్పి, చెల్లకపోతే తనను జైలుకు పంపించుకోమంది. డాక్టరమ్మ ఆ నిశానీ చూసింది. కాగితం మడిచి పట్టుకుని తలుపు వేసుకుంది.

వరండాలో నాగమ్మ తిట్టని తిట్టు లేదు. వంశాన్ని కూల్చావంది. మనసులో ఇంత విషం పెట్టుకున్నావా అంది. తిక్కయ్య వేలి మీది సిరాను పంచెకు తుడుచుకుంటూనే ఉన్నాడు. హులిగెమ్మ తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలే వేళకు సారమ్మ బయటికి వచ్చింది. తల్లికి ప్రాణభయం లేదని చెప్పింది. మళ్లీ లోపలికి పోయి, తెల్ల గుడ్డలో చుట్టిన చిన్న మూట తెచ్చింది. మగబిడ్డ అని మెల్లగా చెప్పి, ఎవరు తీసుకుంటారని అడిగింది.

నాగమ్మ ముఖం తిప్పుకుంది. తిక్కయ్య గోడకు తల ఆనించుకున్నాడు.

హులిగెమ్మ ఒడి పట్టింది.

ఐదేళ్ల కిందట, పుట్టే మొదటి బిడ్డ తనదేనని సుంకమ్మ చేత ఒట్టు వేయించుకుని, హులిగెమ్మే దగ్గరుండి ఆ పిల్ల మెడలో తన మొగుడు తిక్కయ్య చేత తాళి కట్టించింది.