మూడు చీరల దూరం

“కేబుల్ ఎన్ని మీటర్లు కొయ్యాలమ్మా?” ఉప్పల్ షాపాయన కట్టర్ పట్టుకుని అడిగాడు.

“మూడు చీరలంత అన్నా. పై గది దాక చీరతోనే కొలిచిన,” అంది భాగ్యశ్రీ. నాచారం ఆఫీసు ఇకపై ఇంటి నుంచే పని చెయ్యమంది. వైఫై పనికిరాదు, కేబులే వేసుకోమంది.

“ఒక్క చీరంత చాలు,” అన్నాడు భర్త హృషికేశ్. “రూటర్ హాల్ల ఉంటది. నీ టేబుల్ వంటింట్ల ఏసిన.”

“వంటింట్లనా?”

“అమ్మ పిలిస్తే పలకాలె గద. పైన కూసుంటే ఎట్ల?”

షాపాయన ఆరు మీటర్లు కొలిచి కోశాడు. చుట్ట చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

“నేను ఆఫీసుకే పోత,” అంది భాగ్యశ్రీ.

“నీ సీటు వేరేటోళ్లకు ఇచ్చిన్రు గద. ఇంటికాడ్నే పని అని నిన్న వాడంతా మిఠాయి పంచింది నువ్వే.”