ఒక్కరు వద్దంటే

"వెళ్దామన్నది ఎవరు?" అని అడిగింది లలితకుమారి.

సోఫా అంచున కూర్చున్న నిశాంత్ ముందు ఆమె భర్త కేశవరావు వైపు చూశాడు. కేశవరావు చూపు తిప్పుకున్నాడు. కిటికీ అవతల యూ టీ మెట్రో స్టేషన్‌లో రైలొకటి వచ్చి ఆగింది.

కూతురి పెద్దకర్మ అయిపోయినా లలితకుమారి కంచం ముందు కూర్చోవడం లేదు. మంచినీళ్ళు కూడా బతిమాలి తాగించాలి. ఇలాగే ఉంటే ఈవిడా దక్కదని డాక్టరు చెప్పేశాడు.

నిశాంత్ వాళ్ళతో జపాన్ కొండల్లో స్కీయింగ్‌కు వెళ్ళిన కూతురు నందిత, ప్రమాదం జరిగిన రోజు ఉదయం ఫోన్ చేసింది. "రాత్రంతా మంచు పడిందమ్మా. మంచుచరియలు విరిగిపడొచ్చని వార్నింగ్ పెట్టారు. కొంచెం భయంగా ఉంది."

"అంత దూరం వెళ్ళి గదిలో కూర్చుంటావా? నలుగురితో పాటు నువ్వూ వెళ్ళవే!" అంది తల్లి.

మధ్యాహ్నానికి ఆ మంచే పిల్లను కప్పేసింది. 'నా మాటే దాన్ని చంపింది' అని అప్పటినుంచీ లలితకుమారి ఒకటే జపం.

"వెళ్దామన్నది నేనే ఆంటీ," అన్నాడు నిశాంత్. "కొండ అంచుకు చేరాక కాళ్ళ కింద ధబ్‌మని చప్పుడైంది. మంచు లోపలి పొర విరిగిందన్నమాట. అక్కడే వెనక్కి తిరగాలి. కానీ ఎవరో దిగిన స్కీ గీతలు కనిపించాయి. వాళ్ళు దిగారుగా, మనకేంటి రిస్క్ అన్నాను."

"నందిత ఏమంది?" కేశవరావు గొంతు కరుకుగా ఉంది.

"వద్దంది అంకుల్. అమ్మ వెళ్ళమన్నా సరే, నేను దిగనంది. మాలో ఒక్కరు వద్దన్నా అందరూ వెనక్కి రావాలి. అది మా రూల్. నేనే... నవ్వాను. ఏంటంత కియాసీ, చావంటే అంత భయమా అన్నాను."

చెంప ఛెళ్ళుమంది.

"నా బిడ్డ వద్దంటే వినలేదురా? వద్దంటే వినలేదా?" లలితకుమారి అతని కాలర్ పట్టుకుని ఊపేసింది. అన్ని రోజుల్లో మొదటిసారి భోరున ఏడ్చింది.

నిశాంత్ చేతులు అడ్డం పెట్టుకోలేదు. మంచు తవ్వి తవ్వి నల్లబడిన వేళ్ళకు ఇంకా కట్లున్నాయి. అవి చూసి ఆమె కాలర్ వదిలేసింది.

"పో. మళ్ళీ నా కళ్ళబడకు."

అతను వెళ్ళిపోయాక చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా, "ఏవండీ, గొంతెండిపోతోంది. కాస్త మజ్జిగన్నం కలపండి" అంది.

కేశవరావు కలిపి ఇచ్చాడు. ఆమె మొదటి ముద్ద మింగేదాకా చూసి, చెప్పులైనా వేసుకోకుండా బయటికొచ్చాడు.

నిశాంత్ ఇంకా లిఫ్ట్ దగ్గరే నిలబడి ఉన్నాడు. కేశవరావు ఆ కట్ల చేతులు రెండూ కళ్ళకద్దుకున్నాడు.

"నేనడిగానని ఆ నింద నెత్తిన వేసుకున్నావు గానీ బాబూ, వద్దని మొత్తుకున్నది నువ్వు, 'మా అమ్మే వెళ్ళమంది' అని నవ్వుతూ దిగింది మా నందిత."