రాగుల గంజి ఎవరిది?

"సార్, ఆ గంజి నాది," అన్నాడు అంజనప్ప, కంప్యూటర్ తెరకేసి వేలు చూపిస్తూ.

తెర మీద ఒక గడిలో పేటెంట్ ఆఫీసు అధికారి ఉన్నాడు. ఇంకో గడిలో పెనుకొండలో మాత్రల ఫ్యాక్టరీ నడిపే సంజీవప్ప, ఆ పక్కన అతని వకీలు. ఇవతల హిందూపురంలో, తన సొంత మాత్రల ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో కూర్చుని అంజనప్ప ఉడికిపోతున్నాడు. ఇద్దరూ తోడల్లుళ్ళు. అక్కచెల్లెళ్ళను చేసుకున్నారన్న మాటే గానీ, ఒకరి ముఖం ఒకరు చూసుకునేది పెళ్ళిళ్ళలోనే, అదీ వేరు వేరు పంక్తుల్లో కూర్చుని.

గొడవంతా కీళ్ళనొప్పుల మాత్ర గురించి. మందుపొడి ముద్ద కట్టాలంటే ఏదో ఒక గంజి కలపాలి. రాగుల గంజిని సన్నని సెగ మీద కాచి కలిపితే మాత్ర ఎంత వానాకాలంలోనూ పొడికాదని, ఈ తయారీ పద్ధతి తానే కనిపెట్టానని సంజీవప్ప పేటెంటు అడిగాడు. ఇందులో కొత్తేముందని అధికారి అభ్యంతరం పెడితే, అతని వకీలు కట్టెడు కాగితాల జవాబు పంపాడు. అది చదివినవాడికి ఈ రాయలసీమలో అంతవరకూ ఎవరూ పొయ్యి మీద గంజే పెట్టలేదేమో అన్న అనుమానం వస్తుంది.

పేటెంటు గనక వచ్చిందంటే ఆ పద్ధతిలో ఇంకెవరూ మాత్ర చేయకూడదు. అంజనప్ప ఫ్యాక్టరీలో తయారయ్యేది ఆ ఒక్క మాత్రే, ఆ ఒక్క పద్ధతిలోనే. అంటే తన గేటుకు తాళం వేసే హక్కు పోయి పోయి తోడల్లుడి చేతికి పోతుంది. అది తలుచుకుంటేనే అతనికి ముద్ద దిగడం లేదు.

అందుకే ఆ పేటెంటు ఇవ్వొద్దని అర్జీ పెట్టాడు. అతని తరఫున వాదించడానికి చందన వచ్చింది. ధర్మవరం అమ్మాయే, బెంగుళూరులో పేటెంట్ల పని చూస్తుంది. గంజితో మాత్ర కట్టడం కాలేజీ పుస్తకాల్లోనే ఉందనీ, రెండు పుస్తకాలు ముందు పెట్టి, ఈ విద్య చదివిన ఎవడికైనా ఇది తట్టేదేనని చెప్పి ఊరుకుందామనీ ఆమె ముందే నచ్చజెప్పింది. మీ ఫ్యాక్టరీ సంగతి ఎంత తక్కువ ఎత్తితే అంత మంచిదని కూడా అన్నది.

అంజనప్పకు ఆ మాట ఒంటికి పట్టలేదు. "పుస్తకాల్లో ఉండాదంటే ఇంక నా తెలివేముండాదమ్మా? వాడు నా దగ్గర చూసి ఎత్తుకపోయినాడని లోకానికి తెలియాల," అన్నాడు. గెలిస్తే చాలదు అతనికి, తోడల్లుడు దొంగ అని తేలి గెలవాలి. చందన నిట్టూర్చి పుస్తకాలు పక్కన పెట్టింది.

ఇప్పుడు తెరలోంచి అధికారి తాపీగా అడిగాడు. ఎన్నేళ్ళుగా వాడుతున్నారు, గుట్టుగానా, నలుగురికీ తెలిసేలానా? గుట్టుగా వాడితే లెక్కలోకి రాదు, నలుగురికీ తెలిసి ఉంటేనే పేటెంటు ఆగుతుందన్నాడు. సరిగ్గా ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్న అంజనప్ప, గంజి కాచే కుళ్ళాయమ్మను తెర ముందుకు పిలిచాడు. తాను పనిలో చేరినప్పటి నుంచీ రాగుల గంజి తప్ప ఇంకోటి కాచింది లేదని ఆమె కొంగు సర్దుకుంటూ చెప్పింది. రాగులు తోలే తలుపుల ఊరి రైతు సంతకం చేసిన కాగితం చూపించారు. ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చిన కాలేజీ పిల్లలు గంజి గుండిగ చుట్టూ నిలబడి దిగిన పాత ఫోటోలు చూపించారు.

"ఆరేండ్లాయ సార్. దాచేదానికేముండాది? ఈడ ఎవర్నడిగినా చెప్తారు. మా ప్రతి మాత్రలోనూ రాగుల గంజే, ఒక్క మాత్రకు గూడా తప్పలా," అన్నాడు అంజనప్ప ఛాతీ విరుచుకుని.

సంజీవప్ప తెరకు దగ్గరగా జరిగాడు.

"అన్నా, ఈ మాట రాసిచ్చినావా?"

"రాసిచ్చినా. నోటరీ సంతకంతో రాసిచ్చినా."

సంజీవప్ప తలూపి, ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. ఓటమి ఒప్పుకున్నాడనుకుని అంజనప్పకు ఎక్కడలేని ఆనందం కలిగింది.

సంజీవప్ప పేటెంటు దరఖాస్తును కొట్టేశారన్న కబురు వచ్చిన పూట హిందూపురం ఫ్యాక్టరీలో టపాకాయలు పేలాయి. గేటు మీద నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. అందులో అంజనప్ప ఒక చేత్తో రాగి కంకి, ఇంకో చేత్తో మాత్ర పట్టుకుని నవ్వుతున్నాడు. ఆరేళ్ళుగా రాగుల గంజితో మాత్రలు చేస్తున్న ఆద్యుడికి అభినందనలని కింద పెద్ద అక్షరాలు. అభినందించింది ఎవరయ్యా అంటే అంజనప్పే, అచ్చుకు డబ్బిచ్చిందీ అతనే. అలాంటిదే ఇంకోటి పెనుకొండలో, తోడల్లుడి గేటుకు ఎదురుగా కట్టించాడు.

ఆ వారంలోనే జీపు దిగి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సర్కారు కూడా తనను మెచ్చుకోవడానికి వచ్చిందని అంజనప్పకు కడుపు నిండిపోయింది. ధర్మవరం పట్టు శాలువా తెప్పించి తానే ఆయనకు కప్పాడు. ఇన్‌స్పెక్టర్ ఫ్లెక్సీని ఫోటో తీసుకున్నాడు. పక్కన నిలబడమంటే అంజనప్ప మీసం దువ్వుకుని నిలబడ్డాడు. గోడౌన్‌లో ఉన్నదంతా ఈ గంజి మాత్రలేనా అని అడిగితే, పెట్టె విప్పి మరీ చూపించాడు.

ఇన్‌స్పెక్టర్ శాలువా మడిచి జీపు సీటు మీద పెట్టి, గోడౌన్ తలుపుకు సీలు వేయమని తన మనుషులకు సైగ చేశాడు.

"ఇదేంది సార్, గెలిచింది నేను కదా," అన్నాడు అంజనప్ప, తలుపుకు అడ్డం వచ్చి.

"గెలిచినావులే అంజనప్పా. అయితే మా దగ్గర నువ్వు లైసెన్సు తీసుకున్నది మొక్కజొన్న గంజికి."