చెయ్యి తిరిగిన ఫొటోగ్రాఫరు

షాపు అద్దం వెనక తగిలించిన పెళ్ళి ఫొటోల్లో ఒక్కటి కూడా తమ్ముడు తీసింది కాదు. ఆ సంగతి అతనికీ, అతని అక్కకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

అక్క ఇంటి ముందుగదే ఆ షాపు. బోర్డు, వెనక తెర, రెండు లైట్లు అన్నీ అమరాయి గానీ బేరమే అమరలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే "ఇంతకు ముందు తీసిన పెళ్ళిళ్ళు చూపించండి" అనేవారు. తీసిన పెళ్ళంటూ ఒకటుంటే కదా చూపించడానికి! పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదన్న సామెత కొత్త ఫొటోగ్రాఫర్లని చూసే పుట్టిందని అతని నమ్మకం.

బావ అప్పటికే గడువు పెట్టేశాడు. నెలాఖరులోగా ఒక్క పెళ్ళయినా కుదుర్చుకోకపోతే ముందుగది ఖాళీ చేసి, బావగారి రంగుల దుకాణంలో డబ్బాల మూతలు తీసుకుంటూ బతకాలి. తమ్ముడికి రంగుల వాసన పడదు, బావ వాసన అసలే పడదు.

అలాంటి సమయంలో దేవుడు చల్లగా చూశాడు. సెకండ్ హ్యాండులో కొన్న కెమెరాలో పాత మెమరీ కార్డు ఒకటి ఉండిపోయింది. అమ్మినవాడెవడో తొందరలో తీసుకోవడం మరిచినట్టున్నాడు. అందులో ఓ పెద్దింటి పెళ్ళి ఫొటోలున్నాయి. తమ్ముడు వాటిలో కొన్ని ఏరి, పెద్దవి చేయించి, కింద తన పేరు వేసి, వీధిలోకి కనబడేలా అద్దం వెనక తగిలించాడు.

"ఇదేం పెళ్ళిరా? ఒక్క మొహమూ లేదు" అంది అక్క.

నిజమే. ఒకదాంట్లో పెళ్ళికూతురి మెడలో హారం. ఇంకోదాంట్లో ఎవరిదో చేతినిండా గాజులు. మరోదాంట్లో తాళంచెవి వేలాడుతున్న బీరువా. చివరిది ఓరగా తెరిచి ఉన్న పెరటి తలుపు.

"అదేనే కళంటే! మొహాలు ఎవడైనా తీస్తాడు."

"బీరువాలో కళేంట్రా, బట్టలుంటాయి గానీ?"

"నీకర్థం కాదులే. ఎవరైనా అడిగితే మాత్రం ఒక్క మాట చెప్పు చాలు. 'మా తమ్ముడే తీశాడు, నేను పక్కనే ఉండి లైటు పట్టుకున్నాను' అను. సాక్షి ఉంటే జనం నమ్ముతారు."

అక్క తల కొట్టుకుంది. కానీ ఒక్కగానొక్క తమ్ముడు. వాడు రంగుడబ్బాల పాలవడం ఆమెకీ ఇష్టం లేదు. కూరలు తరుగుతూ ఆ మాటని వల్లె వేసుకుంది.

మర్నాడు ఓ పెద్దావిడ అద్దాన్ని దాటి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చింది. అద్దానికి ముక్కు ఆనించి అన్నీ చూసింది. తమ్ముడు రమ్మనేలోపే గబగబా వెళ్ళిపోయింది. అతని ప్రాణం ఉసూరుమంది.

కాసేపటికి ఆవిడ ఓ మీసాలాయనని వెంటబెట్టుకుని వచ్చింది. మొగుణ్ణి తీసుకొచ్చిందంటే బేరం తెగినట్టే! తమ్ముడు కుర్చీలు తుడిచి మరీ వేశాడు.

"ఈ ఫొటోలు తీసింది మీరేనా బాబూ?" అందావిడ. "మీకోసం చాలా రోజుల నుంచి వెతుకుతున్నాం."

"నేనేనండీ. ప్రతి ఒక్కటీ ఈ చేత్తోనే."

"మరి ఈ పెళ్ళికి మిమ్మల్ని పిలిచింది ఎవరు? ఆడపెళ్ళివారా, మగపెళ్ళివారా?"

చిక్కే వచ్చిపడింది. అయినా అబద్ధమాడితే అతికినట్టుండాలి. "రెండువైపులవాళ్ళూ పోటీపడి పిలిచారండీ. కాదనలేకపోయాను."

మీసాలాయన అప్పుడు నోరు విప్పాడు. "బీరువాకి ఫొటో ఎందుకయ్యా?"

"బీరువా అంటే పెళ్ళికూతురి మనసు, బాబాయిగారూ. తాళంచెవి అక్కడే ఉంది, తీసేవాడే రావాలి."

"ఈ పెరటి తలుపు?"

"కొత్త జీవితానికి దారండీ. అందరూ భోజనాల్లో ఉంటే ఆ అందం నాకొక్కడికే కనబడింది."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన కళకి కన్నీళ్ళు పెట్టుకున్న మొదటి మనిషి! తమ్ముడికి ఇక పట్టపగ్గాల్లేవు.

"ఏ గదిలోకి వెళ్ళినా ఒక్కరూ అడ్డుచెప్పలేదండీ. చెయ్యి తిరిగిన ఫొటోగ్రాఫరంటే అలాగే ఉండాలి. వచ్చిందీ తెలియకూడదు, వెళ్ళిందీ తెలియకూడదు."

"తెలియలేదు బాబూ" అందావిడ.

మీసాలాయన లేచాడు. "పద, మాతో రా."

"ఇప్పుడేనా? కెమెరా తెచ్చుకోనా బాబాయిగారూ?"

"తెచ్చుకో. ఈ హారం కూడా తీసుకురా."

"ఏ హారమండీ?"

"మా అమ్మాయి మెడలోది" అందావిడ. "ఆ ఇల్లు మాది. ఆ బీరువా మాది. పెళ్ళిరోజు హారం, గాజులు పోయాయి, వాటితోపాటే ఫొటోగ్రాఫరూ పోయాడు. అతన్ని మగపెళ్ళివారు పిలిచారని మేం, మేం పిలిచామని వాళ్ళు అనుకుంటూ ఆ దొంగకి కొసరి కొసరి వడ్డించాం. మొహం గుర్తుపెట్టుకుందామంటే ఎప్పుడు చూసినా కెమెరా అడ్డమే. ఈయన మా ఆయన కాదు నాయనా, ఇన్‌స్పెక్టరు గారు."

తమ్ముడికి బావగారి రంగుల దుకాణం ఒక్కసారిగా స్వర్గంలా కనిపించింది.

"అయ్యో, ఈ ఫొటోలు నేను తీయలేదండీ! కార్డు కెమెరాలో దొరికింది, ఒట్టు!" అని లోపలికి తిరిగి గొంతు చించుకున్నాడు. "అక్కా! ఇవి ఎవరు తీశారో వీళ్ళకి చెప్పవే!"

అక్క తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ పరుగున వచ్చింది. కుర్చీల దగ్గర కొత్తవాళ్ళని చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"మా తమ్ముడేనండీ తీసింది! నేను పక్కనే ఉండి లైటు పట్టుకున్నాను."